జంపింగ్ జీన్ తన చోటు ఎట్లా ఎంచుకుంటుంది: వరి జీనోమ్‌తో చేసి చూసే పద్ధతి

ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టుల్లో నేను ఎర్ర పెన్నుతో గీత పెట్టే వాక్యం ఒకటుంది: “ఈ ట్రాన్స్‌పోజాన్ జీన్ల దగ్గర చేరడానికి ఇష్టపడుతుంది.” ట్రాన్స్‌పోజాన్ అంటే జీనోమ్‌లో, అంటే జీవి మొత్తం డీఎన్‌ఏలో, ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే ముక్క, జంపింగ్ జీన్. ఆ వాక్యం కింద ఒక గుండ్రటి చార్టు, ఎక్సాన్‌లో (జీన్ రాతలో చివరిదాకా మిగిలే భాగం) ఇంత శాతం, ఇంట్రాన్‌లో (మధ్యలో కత్తిరించేసే భాగం) ఇంత శాతం అని రంగులు. కూడిక సరిగానే ఉంటుంది. కానీ ఆ కూడిక చెప్పేది ఆ మూలకం ఇవాళ ఎక్కడ కనిపిస్తోందో మాత్రమే. అది ఎక్కడెక్కడికి దూకింది, దూకినవాటిలో ఎన్ని మిగిలాయి అనే రెండు వేర్వేరు సంగతులు ఆ చార్టులో కలిసిపోయి ఉంటాయి. జూన్‌లో పత్తి పెట్టిన చేనును ఆగస్టులో చూసి, మొక్క లేని చోటల్లా రైతు విత్తు పెట్టలేదని మన దగ్గర ఎవరూ అనరు. నీళ్లు నిలిచి విత్తు మురిగి ఉండొచ్చు, మొలకను పురుగు కొట్టి ఉండొచ్చు. జీనోమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాట తేలిగ్గా రాసేస్తున్నాం.

నేను హన్మకొండలో జెనెటిక్స్ చెబుతాను, ప్రాజెక్టు పిల్లలతో ఈ పని చేయిస్తాను. మా దగ్గర సీక్వెన్సింగ్ మెషీన్ లేదు. ఒక మామూలు లాప్‌టాప్, ఒక పీసీఆర్ మెషీన్ (డీఎన్‌ఏ ముక్కకు ప్రతులు తీసేది), ఒక జెల్ ట్యాంకు (ముక్కలను పొడవును బట్టి వేరుచేసేది) ఉన్నాయి. ఈ ప్రశ్నకు అవి చాలు. నిప్పన్‌బరే అనే జపాన్ వరి రకం జీనోమ్ 2005 నుంచి అందరికీ తెరిచే ఉంది. సుమారు 38.9 కోట్ల అక్షరాలు (డీఎన్‌ఏలోని ఏ, టీ, జీ, సీలు). అందులో దాదాపు మూడో వంతు ఇట్లాంటి దూకే మూలకాలు, వాటి శిథిలాలే. మక్కలో అయితే ఆ వాటా దాదాపు 85 శాతం.

మొదటిసారి చేసేవాళ్లు ఎమ్‌పింగ్‌తో మొదలుపెట్టండి. ఇది 430 అక్షరాల చిన్న మూలకం, నిప్పన్‌బరేలో యాభై దాకా ప్రతులు ఉన్నాయి. దూకడానికి కావలసిన ఎంజైమ్‌ను తాను చేసుకోలేదు, పింగ్, పాంగ్ అనే పెద్ద మూలకాల ఎంజైమ్‌ను వాడుకుంటుంది. ఒక కొన “జీజీసీసీఏజీటీసీఏసీఏఏటీజీజీ” అనే 15 అక్షరాలతో మొదలవుతుంది. రెండో కొనలో అవే అక్షరాలు, డీఎన్‌ఏకు ఉండే రెండు పోగుల్లో ఎదురు పోగు మీద తిరగేసి ఉంటాయి. ఈ 430 అక్షరాలను బ్లాస్ట్ అనే వెతికే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి నిప్పన్‌బరే మీద వెతకండి. దొరికిన ప్రతి చోటా మూలకానికి అటు యాభై, ఇటు యాభై అక్షరాలు కోసి ఒక ఫైల్లో పెట్టుకోండి. మిగతా పనంతా ఆ పక్క అక్షరాలతోనే.

ఇప్పుడు మూలకానికి సరిగ్గా ముందున్న అక్షరాలు, సరిగ్గా వెనకున్న అక్షరాలు పక్కపక్కన పెట్టి చదవండి. ఎమ్‌పింగ్‌కు రెండు వైపులా “టీటీఏ” కనిపిస్తుంది, లేదా ఎదురు పోగు చదివితే “టీఏఏ”. ఇదే టార్గెట్ సైట్ డూప్లికేషన్, ల్యాబుల్లో టీఎస్‌డీ అంటాం. ఎంజైమ్ డీఎన్‌ఏ రెండు పోగులనూ ఒకే చోట కోయదు, కొన్ని అక్షరాల తేడాతో మెట్టులా కోస్తుంది. మధ్యలో మూలకం కూర్చున్నాక రెండు వైపులా ఖాళీగా మిగిలిన ఒంటి పోగును కణం పూరిస్తుంది. అందుకే కోతకు, కోతకు మధ్య ఉన్న అక్షరాలు రెండుసార్లు వస్తాయి. ఆ పొడవు ఎంజైమ్‌ను బట్టి ఉంటుంది కాబట్టి ఏ కుటుంబమో గుర్తుపట్టడానికి ఇంతకంటే చవకైన ఆధారం లేదు: మక్కలోని ఏసీ-డీఎస్‌కు 8, మ్యూటేటర్‌కు 9, వరిలోని టాస్17కు 5, ఇట్లాగే జీనోమ్‌లో చేరే వైరస్‌లలో హెచ్‌ఐవీకి 5, ఎలుకల ల్యుకేమియా వైరస్‌కు 4. పిగ్గీబ్యాక్ ఎప్పుడూ “టీటీఏఏ” లోనే చేరుతుంది, టీసీ1-మెరైనర్ కుటుంబం “టీఏ” లో. హెలిట్రాన్లు మాత్రం ఏ, టీల మధ్య దూరి ఏ అక్షరాన్నీ రెట్టింపు చేయవు. అందుకని టీఎస్‌డీ కనిపించలేదని మూలకం కాదనకండి.

తర్వాత మూలకాన్నీ, ఒక టీఎస్‌డీ ప్రతినీ తీసేసి అటూ ఇటూ అతికించండి. వచ్చేది మూలకం రాకముందున్న ఖాళీ చోటు. ఇది మీ ఊహే కాబట్టి నిజంగా ఖాళీగా ఉన్న మరో వరి రకంలో చూసి ఖాయం చేసుకోవాలి. ఆ పని చివర్లో చెబుతాను.

ఖాళీ చోట్లన్నీ ఒకదాని కింద ఒకటి, టీఎస్‌డీ ఒకే నిలువు వరుసలో పడేట్టు పేర్చండి. “టీఏఏ” గా ఉన్నవాటిని తిరగేసి అన్నీ “టీటీఏ” గా చదివేట్టు చేయండి. ఇది చేయకపోతే రెండు పోగుల అక్షరాలు కలిసిపోయి అసలు నమూనా మసకబారుతుంది. ప్రతి నిలువు వరుసలో ఏ ఎన్ని, టీ ఎన్ని, జీ ఎన్ని, సీ ఎన్ని లెక్కపెట్టండి. వెబ్‌లోగో అనే ఉచిత సాధనం దీన్ని బొమ్మగా ఇస్తుంది, అయినా మొదటిసారి కాగితం మీద చేయమనే చెబుతాను. చేత్తో లెక్కపెట్టిన విద్యార్థికి బొమ్మలో ఎత్తుగా ఉన్న అక్షరం దేన్ని చెబుతోందో మళ్లీ వివరించనక్కర్లేదు.

ఇదే పని టాస్17తో చేస్తే ముచ్చటైన ఫలితం వస్తుంది. వేల చోట్లు పేర్చినప్పుడు ఐదక్షరాల టీఎస్‌డీకి ముందు “ఏ, ఏదైనా, జీ, టీ, టీ”, వెనక “ఏ, ఏ, సీ, ఏదైనా, టీ” అని తేలింది. ఒక వైపుది ఎదురు పోగు మీద చదివితే రెండో వైపుదే. మూలకం రెండు కొనల దగ్గరా ఒకే రకం ఎంజైమ్ అణువులు పట్టుకుని ఉంటాయి, ఇరువైపులా ఒకే కోరిక. మీ నమూనాలో ఇట్లాంటి సౌష్ఠవం కనిపిస్తే టీఎస్‌డీ పొడవు సరిగ్గా గుర్తించారని నమ్మకం పెట్టుకోవచ్చు. ఒక అక్షరం అటూ ఇటూ జరిగితే సౌష్ఠవం చెడిపోతుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అక్షరాలు దొరికాయి, చోటు ఎంపిక అర్థమైపోయింది అనుకుంటారు. ఒక చిన్న లెక్క వేయండి. వరి జీనోమ్‌లో జీ, సీలు కలిపి సుమారు 43.5 శాతం. అంటే ఏ వాటా 28 శాతం చిల్లర, టీ వాటా అంతే. అక్షరాలు ఇష్టమొచ్చినట్టు పడ్డాయనుకుంటే “టీటీఏ” గానీ “టీఏఏ” గానీ దాదాపు ప్రతి 22 అక్షరాలకు ఒకసారి వస్తుంది. 38.9 కోట్ల అక్షరాల్లో కోటీ డెబ్బై లక్షల చోట్లు! ఎమ్‌పింగ్ ఉన్నది యాభై చోట్ల. మూడక్షరాల ముద్ర కోటికి పైగా తలుపులు తెరిచి పెట్టింది. వాటిలో ఈ యాభైనే ఎందుకు అనే ప్రశ్నకు ఆ ముద్ర జవాబివ్వదు.

అందుకని కంట్రోల్, అంటే పోల్చి చూసే గుంపు, కావాలి. రిపోర్టుకు విలువ వచ్చేది ఇక్కడే, పిల్లలు వదిలేసేదీ ఇదే. “జీనోమ్‌లో యాదృచ్ఛికంగా ఎంచిన చోట్లు” అని రాస్తే సరిపోదు. ఎమ్‌పింగ్‌కు కంట్రోల్ అంటే జీనోమ్‌లోని “టీటీఏ” చోట్లలోంచే చీటీ తీసినట్టు తీసిన చోట్లు. లేకపోతే మీరు చూపించేది ఎమ్‌పింగ్ ఇష్టం కాదు, ఏ, టీలు ఎక్కువున్న ప్రాంతం ఎక్కడుందో మాత్రమే. వరి ఎక్సాన్లలో జీ, సీలు ఎక్కువ. అక్షరాలు సరిపోల్చని కంట్రోల్‌తో చూస్తే ఏ, టీలు కోరే ప్రతి మూలకమూ “ఎక్సాన్లను తప్పించుకుంటున్నట్టే” కనిపిస్తుంది. ఒక్కో అసలు చోటుకు కనీసం వంద కంట్రోల్ చోట్లు తీయండి. ప్రతి దానికీ దగ్గరి జీన్ ఎంత దూరమో బెడ్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని క్లోజెస్ట్ ఆదేశంతో కొలిచి, రెండు గుంపుల దూరాలను పోల్చండి.

సీక్వెన్సింగ్ రీడ్‌లతో (మెషీన్ చదివిచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) పని చేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. మూలకం మరో పాత మూలకం లోపల చేరిందనుకోండి. అక్కడి నుంచి వచ్చిన రీడ్ జీనోమ్‌లో పది చోట్ల సరిపోతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కన పడేస్తుంది. చివరికి “రిపీట్లను తప్పించుకుంటోంది” అన్న అబద్ధపు ఫలితం మిగులుతుంది. దీనికి మందు ఒకటే: కంట్రోల్ చోట్ల నుంచి కూడా అదే పొడవున్న నకిలీ రీడ్‌లు తయారుచేసి, అదే సాఫ్ట్‌వేర్‌తో, అవే సెట్టింగులతో మ్యాప్ చేయండి. అసలుకు పెట్టిన జల్లెడే కంట్రోల్‌కూ పెట్టాలి. రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో (నిర్ణీత అక్షరాల దగ్గరే కోసేది) కోసి చేసిన పాత లైబ్రరీలు (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన డీఎన్‌ఏ ముక్కల గుంపులు) వాడితే ఆ ఎంజైమ్ కోత చోటుకు ఉన్న దూరం కూడా సరిపోల్చాలి. ఒకే చోటు నుంచి వెయ్యి రీడ్‌లు వచ్చినా ఎంపిక లెక్కలో అది ఒక్క చోటే. వెయ్యి అన్న అంకె ఆ కణం ఎంత పెరిగిందో చెబుతుంది, మూలకం దేన్ని ఇష్టపడిందో కాదు.

మూలకం ఎక్కడి నుంచి బయల్దేరిందో కూడా చూసుకోండి. బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలో మక్క గింజల మీది మచ్చలు చూసి కనిపెట్టిన ఏసీ-డీఎస్ జంట (ఆమెకు నోబెల్ 1983లో గానీ రాలేదు) సగానికి పైగా సార్లు అదే క్రోమోజోమ్ మీద, బయల్దేరిన చోటుకు దగ్గర్లోనే దిగుతుంది. మన ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పసుపు మక్కల్లో ఆ మచ్చలు కనబడవు. ఊదా రంగు జీన్‌లోంచి డీఎస్ తప్పుకున్న కణాలే మచ్చగా రంగు తిరిగి తెచ్చుకుంటాయి. చేపల జీనోమ్‌లోని చచ్చిన ప్రతుల నుంచి 1997లో తిరిగి బతికించిన స్లీపింగ్ బ్యూటీకీ ఈ దగ్గరి దూకుడు అలవాటుంది. ఒక క్రోమోజోమ్ మీద గుంపు కనిపిస్తే ముందు దాత చోటు గుర్తించి, దాని చుట్టుపక్కల పడినవాటిని విడదీసి లెక్కపెట్టండి.

అక్షరాలు, దూరం రెండూ చూశాక కూడా వివరణ మిగిలిపోతే, దారి చూపే ప్రోటీన్ ఉందేమో వెతకాలి. నన్ను ఏళ్లుగా పట్టి ఉంచిన భాగం ఇదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

బ్యాక్టీరియాలోని టీఎన్7ను చూడండి. ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్ మందులకు లొంగని జీన్లు మోసుకు తిరిగే మూలకం ఇది. దీని దగ్గర కోసి అతికించే ప్రోటీన్లు వేరు, చోటు చూపే ప్రోటీన్లు వేరు. టీఎన్ఎస్-డీ అనేది జీఎల్ఎమ్-ఎస్ అనే జీన్ చివరి భాగాన్ని పట్టుకుంటుంది. ఆ జీన్ లేకపోతే బ్యాక్టీరియా గోడ కట్టుకోలేదు, కాబట్టి దాని అక్షరాలు జాతి నుంచి జాతికి పెద్దగా మారవు. ప్రోటీన్ పట్టుకునేది జీన్ లోపలి అక్షరాలను, మూలకం కూర్చునేది మాత్రం ఇరవై చిల్లర అక్షరాలు దాటి, జీన్ అయిపోయాక ఉన్న ఖాళీలో. మారని అక్షరాలు గుర్తుగా దొరికాయి, ఆతిథ్యమిచ్చిన జీవికి నష్టమూ లేదు. ఇదే మూలకానికి టీఎన్ఎస్-ఈ అనే రెండో మార్గదర్శి ఉంది. అది కణం నుంచి కణానికి పోతున్న ప్లాస్మిడ్ల (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏల) మీదికి తీసుకెళ్తుంది. టీఎన్ఎస్-డీ దారిలో భద్రంగా ఉండిపోవచ్చు, టీఎన్ఎస్-ఈ దారిలో కొత్త కణానికి ప్రయాణం. టీఎన్7 బంధువుల్లో కొన్ని ఇంకో అడుగు వేసి క్రిస్పర్‌నే (గైడ్ ఆర్‌ఎన్‌ఏ సాయంతో డీఎన్‌ఏలో చోటు గుర్తుపట్టే బ్యాక్టీరియా వ్యవస్థను) మార్గదర్శిగా చేసుకున్నాయి. 2019లో వివరించిన కలరా బ్యాక్టీరియా మూలకం గైడ్ ఆర్‌ఎన్‌ఏ జతకట్టిన చోటుకు దాదాపు 49 అక్షరాల అవతల చేరుతుంది. గైడ్ మారిస్తే చోటు మారుతుంది.

ఈస్ట్ మూలకాలు ఇంకా బాగా నేర్పిస్తాయి. ఈస్ట్ జీనోమ్ కోటీ ఇరవై లక్షల అక్షరాలే, అందులో ఎక్కువ భాగం జీన్లు. కళ్లు మూసుకుని దూకితే ఏదో ఒక జీన్ విరుగుతుంది. టీవై3 అనేది టీఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలు మోసే ఆర్‌ఎన్‌ఏ) జీన్ల రాత మొదలయ్యే చోటుకు ఒకటి నుంచి నాలుగు అక్షరాల లోపలే చేరుతుంది. టీవై1 అవే జీన్లకు ముందున్న కొన్ని వందల అక్షరాల మేర, న్యూక్లియోజోమ్‌ల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ ఉండల) లయను అనుసరించి చేరుతుంది. టీవై5 మాత్రం క్రోమోజోమ్ కొనల దగ్గరి నిశ్శబ్ద ప్రాంతాలకు పోతుంది, దారి చూపేది సర్4 అనే ప్రోటీన్.

మార్గదర్శి ఉందని నిరూపించే పద్ధతి వీటి నుంచే నేర్చుకోవాలి: అనుమానించిన బంధాన్ని తెంచి, చోట్లు ఎటు మారాయో చూడాలి. టీవై1 పట్టుకునే ఏసీ40 అనే పాలిమరేజ్ (జీన్‌ను ఆర్‌ఎన్‌ఏగా రాసే ఎంజైమ్) భాగాన్ని దూరపు ఈస్ట్ జాతి ప్రతితో మార్చినప్పుడు టీవై1 టీఆర్‌ఎన్‌ఏ జీన్లను వదిలి క్రోమోజోమ్ కొనలకు దగ్గరి ప్రాంతాలకు పోయింది. దూకడం ఆగలేదు, చోటు మాత్రమే మారింది. ఆ రెండోది చూపించినప్పుడే ఎంపికను పట్టుకున్నట్టు. టీవై5ది ఇంకా లోతు. దాని ఎంజైమ్‌లో సర్4ను పట్టే చిన్న ముక్క మీద ఫాస్ఫేట్ ఉండాలి. ఈస్ట్‌కు తిండి కరువైతే ఆ ఫాస్ఫేట్ తగ్గి, టీవై5 జీనోమ్ అంతటా పడుతుంది. అంటే పెంపకం మీడియం మారితే ఫలితం మారుతుంది. మీ నోట్‌బుక్‌లో మీడియం, వేడి, కణాల వయసు రాయకపోతే మీ ఫలితాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

హెచ్‌ఐవీకి అట్లాంటి బంధం ఎల్ఈడీజీఎఫ్ అనే ప్రోటీన్‌తో ఉంది. అది చురుగ్గా పనిచేస్తున్న జీన్ల మీద ఉంటుంది, వైరస్ అక్కడ చేరుతుంది. ఆ ప్రోటీన్ లేని కణాల్లో జీన్లలో చేరే వాటా తగ్గుతుంది గానీ పూర్తిగా యాదృచ్ఛికం కాదు. ఒక బంధం తెగితే ఇంకోటి పని చేస్తూనే ఉందన్నమాట.

ఇక మిగిలేది బతుకు లెక్క. మనిషి జీనోమ్‌లో లైన్-1, ఆలు అనే రెండు దూకే మూలకాలున్నాయి, మొదటిది దాదాపు 17 శాతం, రెండోది 10 శాతం పైన. ఆలుకు సొంత ఎంజైమ్ లేదు, లైన్-1 ఎంజైమ్‌తోనే అది కూడా చేరుతుంది. కోసే చోటు రెండింటికీ ఒకటే, వరుసగా టీలు వచ్చి తర్వాత ఏలు మొదలయ్యే దగ్గర. అయినా లైన్-1లు ఏ, టీలు నిండిన ప్రాంతాల్లో, పాత ఆలులు జీన్లు దట్టంగా ఉన్న జీ, సీ ప్రాంతాల్లో కనిపిస్తాయి. కొత్తగా చేరిన ఆలులను విడిగా చూస్తే వాటి పంపకం లైన్-1 దానికి దగ్గరగా ఉంటుంది. ఒకే ఎంపిక, వేర్వేరు మనుగడ. వయసు వేరుచేయకుండా లెక్కపెడితే రెండు మూలకాలకు రెండు ఇష్టాలున్నాయని రాసేవాళ్లం.

తేడా రెండో దిక్కుకూ పోగలదు. ఎస్‌సీఐడీ-ఎక్స్1 అనే రోగనిరోధక లోపానికి ఫ్రాన్స్, బ్రిటన్‌లలో చేసిన తొలి జీన్ చికిత్సల్లో కొందరు పిల్లలకు ల్యుకేమియా వచ్చింది. జీన్‌ను మోసుకెళ్లే వెక్టర్‌గా వాడిన ఎలుకల ల్యుకేమియా వైరస్ ఎల్ఎమ్ఓ2 అనే జీన్ దగ్గర చేరిన కణాలు విపరీతంగా పెరిగాయి. ఆ వైరస్‌కు ప్రమోటర్ల (జీన్ రాత మొదలుపెట్టించే భాగాల) దగ్గర చేరే గుణం ముందే ఉంది, బీఈటీ ప్రోటీన్లు దాన్ని అక్కడికి తీసుకెళ్తాయి. కానీ రక్తంలో అదే చోటు పదేపదే కనబడటానికి కారణం ఎంపిక ఒక్కటే కాదు, ఆ కణాల పెరుగుదల. ఈ రెంటినీ విడదీయడం మందు భద్రతకు సంబంధించిన విషయం, పరీక్ష మార్కులకు మాత్రమే కాదు.

విడదీయడం ఎట్లా? వీలైతే చేరిన కొన్ని గంటల్లోనే, కణాలు విభజన చెందకముందే డీఎన్‌ఏ తీయండి. మొక్కల్లో అది కుదరదు కాబట్టి వయసు కొలవండి. టాస్17 లాంటి రెట్రోట్రాన్స్‌పోజాన్ల (ఆర్‌ఎన్‌ఏ ప్రతి ద్వారా దూకే మూలకాల) రెండు కొనల్లోని ఒకే రకం వరుసలు, అంటే ఎల్టీఆర్‌లు, చేరినప్పుడు అక్షరం తేడా లేకుండా ఒకటే, కాలం గడిచే కొద్దీ మారతాయి. తేడా లేనివి కొత్తవి, తేడాలు పెరిగినవి పాతవి. రెండు గుంపులకూ వేర్వేరు చార్టు గీయండి. ఎమ్‌పింగ్‌కు ఎల్టీఆర్‌లు లేవు, అక్కడ ఒక్క మొక్కలోనే కనిపించే చోట్లను కొత్తవిగా, రకమంతటా ఉన్నవాటిని పాతవిగా తీసుకుంటారు. ఇప్పటికీ ఎమ్‌పింగ్ దూకుతున్న జపాన్ వరి రకాల్లో వెయ్యికి పైగా చోట్లు ఇట్లా చూశారు. జీన్ మొదలుకు ముందున్న వెయ్యి అక్షరాల లోపల ఎక్కువ, ఎక్సాన్లలో తక్కువ అని 2009లో తేలింది.

జగిత్యాల నుంచి వచ్చే ఒక అమ్మాయి ఈ పాఠం మధ్యలో అడిగింది: “మేడం, మన సన్నాలల్ల గూడ ఉంటదా ఇది?” అడగాల్సిన ప్రశ్నే. ఎమ్‌పింగ్ ప్రతులు ఇండికా (మన దగ్గర పండే వరి గుంపు) రకాల్లో నిప్పన్‌బరే కంటే బాగా తక్కువ. అందుకే జగిత్యాల సన్నాలు, బతుకమ్మ లాంటి మన రకాలు ఖాళీ చోటు ఖాయం చేసుకోవడానికి అనువైనవి.

నిప్పన్‌బరేలో ఎమ్‌పింగ్ ఉన్న ఐదారు చోట్లు ఎంచుకుని, టీఎస్‌డీతో కలిపి ఖాళీ చోటు మీద 300 అక్షరాల ముక్క వచ్చేట్టు రెండు వైపులా ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడి నుంచి ప్రతి తీయాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) గీయండి. ఆర్డరిచ్చే ముందే అవి ప్రచురితమైన ఏదైనా ఇండికా జీనోమ్‌లో కూడా ఒక్కచోటే సరిపోతున్నాయో లేదో చూడండి. వానాకాలం నారు మొలిచిన రెండు వారాల లేత ఆకు డీఎన్‌ఏ తీసే సీటీఏబీ పద్ధతికి బాగా పనికొస్తుంది. ముదురు ఆకు పిండిపదార్థంతో జిగురుగా వచ్చి పీసీఆర్‌ను ఇబ్బంది పెడుతుంది. ఒకటిన్నర శాతం అగరోజ్ జెల్ మీద ఖాళీ చోటు 300 దగ్గర గీత వేస్తుంది. మూలకం ఉంటే 430, ఒక టీఎస్‌డీ ప్రతి 3 కలిసి 733. రెండు గీతలూ ఒకే మొక్కలో వస్తే ఆ చోటు ఒక క్రోమోజోమ్‌లో నిండి, ఒకదానిలో ఖాళీగా ఉంది. వరి తనకు తానే పరాగసంపర్కం చేసుకునే పంట, కాబట్టి ఇది అరుదుగా ఉండాలి. తరచూ వస్తుంటే ముందు విత్తనం కల్తీ అయిందేమో చూడండి. ఏ గీతా రాకపోతే చోటు ఖాళీ అనుకోవద్దు, ప్రైమర్ అతుక్కునే అక్షరాలు మన రకంలో మారి ఉండొచ్చు. ఇంకో జత ప్రైమర్లతో మళ్లీ పెట్టండి. టాస్17 4,114 అక్షరాల పొడవు కాబట్టి దానికి ఈ పద్ధతి సాగదు, ఒక ప్రైమర్ మూలకం లోపల, ఒకటి బయట పెట్టాలి.

300 గీత వచ్చిన ముక్కను ఒక్కసారైనా సీక్వెన్సింగ్‌కు పంపండి. “టీటీఏ” ఒక్కసారే ఉండాలి, అప్పుడు మీరు కాగితం మీద అతికించిన ఖాళీ చోటు నిజమైనదే. అయితే ఎమ్‌పింగ్ బయటికి దూకినప్పుడు ఎక్కువసార్లు మచ్చ మిగల్చకుండా “టీటీఏ” ను ఉన్నదున్నట్టు సరిచేసి పోతుంది. ఏసీ-డీఎస్ అయితే సాధారణంగా కొన్ని అక్షరాల గాటు వదిలేది. కాబట్టి మన సన్నాల్లో ఆ చోటు ఖాళీగా ఉందని మాత్రం రాయండి. అక్కడికి ఎమ్‌పింగ్ ఎన్నడూ రాలేదని రాయాలంటే బంధువులైన మరికొన్ని వరి రకాల్లోనూ, అడవి వరిలోనూ అదే చోటు చూడాలి.